సింహాసనం దిగనన్న గవర్నరు

చైనాలో టాంగ్ వంశం కూలిపోయే రోజుల్లో ఒక గవర్నరు ఉండేవాడని నాకు చెప్పింది, మా అపార్ట్‌మెంట్ల చెరువు గట్టున పరిచయమైన చైనా మాస్టారు. ఆయన రిటైరయిన చరిత్ర ఉపాధ్యాయుడు, నేను రిటైరయిన తెలుగు దినపత్రిక సబ్ ఎడిటర్ని. అమెరికాలో, ఈ ప్లెయిన్స్‌బరోలో ఇద్దరం కూతుళ్ల దగ్గర ఉంటున్నాం. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపోయేది. దాంతోనే రోజూ పొద్దున్నే చెరువు చుట్టూ తిరుగుతూ ఆయన చెప్పేవారు, నేను వినేవాణ్ణి.

వెయ్యేళ్ల కిందటి ఆ గవర్నరు మాస్టారి ఊరివాడే. మొదట్లో దొంగల్ని తరిమే ఊరి దండుకు నాయకుడట. రాజధానిలో చక్రవర్తి ఉన్నాడుగానీ ఆయన మాట కోట గుమ్మం దాటడం లేదు. మిగతా గవర్నర్లంతా కప్పం ఎగ్గొడుతుంటే ఇతను మాత్రం బండ్లకొద్దీ పంపేవాడు. బండి వెళ్లిన ప్రతిసారీ ఒక బిరుదు వచ్చేది.

"ఇలాంటివాళ్లు మాకు తెలుసు" అన్నాను. నేను చాలాకాలం జిల్లా వార్తల డెస్కులో పనిచేసినవాణ్ణి.

"బతికుండగానే తనకు గుడి కట్టించుకున్నాడు."

"అదీ తెలుసు."

"కోర్టుకొచ్చిన వాది, ప్రతివాది ఇద్దరి చేతా పాచికలు వేయించేవాడు. ఓడినవాడికి మరణశిక్ష."

ఇది మాత్రం నేను వినలేదు. "అయితే వాయిదాలు ఉండవన్నమాట" అన్నాను. వాయిదా అంటే ఏమిటని మాస్టారు అడిగారు. అది వివరించేసరికి చెరువు చుట్టూ ఒక చుట్టు పూర్తయింది. అంతా విని, పాచికలే నయమేమో అన్నట్టు తల పంకించారాయన.

తర్వాత గవర్నరు తనను రాజుగా ప్రకటించమని చక్రవర్తిని అడిగాడు. చక్రవర్తి ఒప్పుకోలేదు. గవర్నరు అలిగి, ఈసారి ఏకంగా తనే చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. ఏదో వింత పక్షి అతని పేరు పలుకుతోందని భజనపరులు చెప్పారట, అదే దైవసంకేతమట. చెరువు గట్టున గడ్డి పీకుతున్న బాతుల్ని చూపించి, "వీటికి మాటలు రాకపోవడం మన అదృష్టం. వస్తే మన అపార్ట్‌మెంట్ల లీజింగ్ ఆఫీసు మేనేజరమ్మ ఈపాటికి మహారాణి అయిపోయేది" అన్నారు మాస్టారు.

శత్రుసైన్యం పెద్దదని చెప్పిన వేగులవాడి తల తీయించేవాడట గవర్నరు. అలసిపోయి ఉందని చెప్పినవాడికి బహుమానం. మా పత్రిక సర్క్యులేషన్ సమావేశాలు గుర్తొచ్చాయి నాకు. అక్కడ తలలు తీయలేదు, బదిలీలు చేశారంతే.

మరి అతన్ని దించింది ఎవరంటే, అతని చేతికింద ఎదిగిన ఓ సేనానే. సైన్యంతో కోట గుమ్మం దాకా వచ్చాడు. వచ్చి ఏం చేశాడని అడిగితే మాస్టారు చెరువు గట్టుమీదే ఆగి, నడుముదాకా వంగి రెండుసార్లు దండం పెట్టి చూపించారు. పాత యజమానికి మొదట మర్యాద, తర్వాత నచ్చజెప్పడం. ఆ దండంతోనే సింహాసనం కదిలింది. పూర్తిగా కూలడానికి తర్వాత యుద్ధమూ కావలసి వచ్చింది. గవర్నరు ఆఖర్లో చక్రవర్తి బిరుదు వదిలేస్తానన్నాడు, మళ్లీ గవర్నరుగా ఉంటానన్నాడు. ఎవరూ వినలేదు. బందీగా తీసుకుపోతుంటే దారిలోనే తల పోయింది.

"మా సిలబస్‌లో అతనికి ఒకటే వాక్యం" అన్నారు మాస్టారు. "అతను పైకెక్కడం చెప్పేసరికి బెల్లు కొట్టేసేవాళ్లు. నేను పాఠాలు చెప్పినన్నాళ్లూ, ఒక్క క్లాసులో కూడా అతన్ని కిందికి దించలేకపోయాను."

ఆయన కొడుకు దేశానికి అవతలి కొసన రెడ్‌మండ్‌లో ఇల్లు కొన్నాడు. నెలాఖరుకి మాస్టారు అక్కడికి వెళ్లిపోతున్నారు. సరిగ్గా అంతకు రెండు రోజుల ముందు మా క్లబ్‌హౌస్‌లో వసంతకాలం వేడుక ఉంది. ఈ కథని నాటకంగా వేద్దామన్నాను. మాస్టారు మర్నాడు నడకకి కోటు వేసుకుని టై కట్టుకుని వచ్చారు.

గవర్నరు వేషానికి వెతుక్కోనక్కర్లేకపోయింది. మా పక్క బ్లాకులో నరసాపురం వైపు పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఇక్కడి తెలుగు చర్చిలో సంఘపెద్ద. ఏటా క్రిస్మస్ నాటకంలో, పసిపిల్లల్ని చంపించే రాజు వేషం ఆయనదే, అందుకే మా అందరికీ ఆయన రాజే. కిరీటం, మీసం, ఎర్ర శాలువా ఆయన అలమరాలో సిద్ధంగా ఉంటాయి. పద్యాలు సొంతంగా రాసుకుని, రాగం తీసి పాడతారు. ఆయన ఆ వేషంలో గుడ్లురిమితే చర్చిలో చంటిపిల్లలు నిజంగానే ఏడుస్తారని ప్రతీతి. సేనాని వేషం మాస్టారిదే. కథలో మధ్యమధ్య సంగతులు ఇంగ్లీషులో చెప్పేదీ ఆయనే.

"గురువుగారూ, అంతా బాగుందిగానీ చివర్లో నన్ను చంపకుండా కుదరదా?" అన్నాడు రాజు నాతో, మొదటి రిహార్సల్‌లోనే. "రాజీనామా చేయిస్తే పోలేదా?"

మాస్టారికి చెప్పాను. "అతనూ అదే అడిగాడు" అన్నారాయన, ఏమాత్రం నవ్వకుండా.

రాజుగారి భార్య టీ పోస్తూ, "అన్నయ్యగారూ, ఈయన్ని కుర్చీలోంచి లేపడం మీవల్ల కాదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ప్రయత్నిస్తున్నాను" అంది.

"నువ్వు ఊరుకోవే. ఇది కళ."

అసలు గొడవ దండం దగ్గర వచ్చింది. రాజుకి కత్తియుద్ధం కావాలి. దండం పెడితే రాజు పడిపోవడమేంటి, మనవాళ్లు చప్పట్లు కొట్టరు అన్నాడు. నేనూ అతనివైపే మొగ్గాను. కత్తి అయితే హెడ్డింగు వస్తుంది, దండానికి ఏం వస్తుంది? మాస్టారు మాత్రం, "జరిగింది దండం" అన్నారు. మేం వినలేదు. ఆయన అట్టతో చేసిన కత్తి పుచ్చుకున్నారు.

వేడుక రోజు హాలు నిండింది. ముందు వరసల్లో కుటుంబాలు, వెనక గోడకి ఆనుకుని ఎమ్మెస్ చదివే కుర్రాళ్లు. కుర్రాళ్లని రప్పించింది గవర్నరు కాదు, నాటకం తర్వాత పెడతామన్న బిర్యానీ. ఎనిమిదింటికల్లా హాలు ఖాళీ చేయాలని మేనేజరమ్మ ముందే చెప్పింది, చెప్పి తలుపు దగ్గర తాళంచెవుల గుత్తితో నిలబడింది.

మాస్టారు మైకులో నాలుగు మాటలు చెప్పి పక్కకి తప్పుకున్నారు. రాజు వచ్చాడు. దొంగల్ని తరిమికొట్టిన సంబరంలో పద్యం ఎత్తుకుని, ఆఖరి పాదం దగ్గర రాగం సీలింగు ఫ్యాను దాకా తీసుకెళ్లి అక్కడే కాసేపు తిప్పాడు.

"వన్స్ మోర్!" అని వెనకనుంచి ఒక కుర్రాడు అరిచాడు.

"ఇరగదీసినవ్ అంకుల్! మళ్లొక్కసారి!" అన్నాడు ఇంకొకడు.

అమెరికాలో ఆ మాట అతని చెవిన పడటం అదే మొదలు. చర్చిలో నాటకానికి చప్పట్లు కొడతారు, ప్రార్థన చేసి పంపేస్తారు, వన్స్ మోర్ అనరు. రాజు మొహం వెలిగిపోయింది. పద్యం మళ్లీ పాడాడు. గుడి కట్టించుకున్న పద్యం కూడా రెండుసార్లయింది. పాచికల తీర్పు మూడుసార్లు జరిగింది. ఓడిపోయే వేషం వేసినాయన మూడుసార్లూ చచ్చి, నాలుగోసారి లేవనని పడుకునే చెప్పాడు. చక్రవర్తినని ప్రకటించుకునే పద్యానికైతే కుర్రాళ్లు ఈలలు వేశారు.

పత్రికలో జాగా చాలకపోతే వార్తని కిందనుంచి కోస్తారు. ముఖ్యమైనదంతా పైన ఉంటుంది, కింద ఉన్నది పోయినా ఎవరూ అడగరు. నేను వాచీ చూసుకున్నాను. కింద మిగిలింది గవర్నరు పతనం ఒక్కటే. మేనేజరమ్మ తాళంచెవులు ఆడించింది. తెర పక్కన మాస్టారు అట్టకత్తి పట్టుకుని నిలబడ్డారు. బెల్లు కొట్టబోతోందని తెలిసిన టీచరు మొహం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

"బ్రదర్‌గారూ, కానివ్వండి, టైమైపోతోంది" అని తెరచాటునుంచి కేకేశాను.

రాజు సింహాసనం మీంచే నావైపు వంగి, "జనం అడుగుతున్నారు గురువుగారూ! కాదంటే ఏం బావుంటుంది?" అని రహస్యంగా అన్నాడు. చేతిలో మైకు ఉండటంతో ఆ రహస్యం హాలంతా వినబడింది. "అడుగుతున్నాం, అడుగుతున్నాం!" అన్నారు కుర్రాళ్లు. రాజు మళ్లీ రాగం ఎత్తుకున్నాడు.

అప్పుడు మాస్టారు అట్టకత్తిని నా చేతిలో పెట్టారు. ఉత్త చేతులతో స్టేజీ మధ్యకి నడిచారు. రాగం నడుస్తూనే ఉంది. ఆయన సింహాసనం ఎదురుగా నిలబడి, చేతులు జోడించి, నెరిసిన తల నేలవైపు దిగేలా నడుముదాకా వంగారు.

రాగం తెగిపోయింది.

రాజు కంటే మాస్టారు పదేళ్లకు పైనే పెద్ద. పెద్దవాళ్లు చిన్నవాళ్లకి దండం పెడితే చిన్నవాళ్లకి ఆయుక్షీణమని మనవైపు నమ్మకం. మతం మారినా ఆ భయం మారలేదు. మాస్టారు లేచి, రెండోసారి వంగడం మొదలుపెట్టారు.

"అయ్యయ్యో, మాస్టారూ! మీరు నాకు దండం పెట్టడమేంటండీ! తప్పు తప్పు!" అంటూ రాజు ఒక్క ఉదుటున సింహాసనం దిగాడు. శాలువా కుర్చీకి చిక్కుకుంది. కిరీటం ఊడి దొర్లుకుంటూ ముందు వరస దాకా వెళ్లింది. రాజు అదేదీ పట్టించుకోకుండా మాస్టారి భుజాలు పట్టుకుని లేపి, ఎవరూ చెప్పకుండానే, ఆయన్ని తీసుకెళ్లి సింహాసనంలో కూర్చోబెట్టి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అందరికంటే ముందు రాజుగారి భార్య నవ్వు వినబడింది. "దిగారండీ!" అంది. తర్వాత కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు.

మాస్టారు సింహాసనంలోంచే మైకు తీసుకున్నారు. "దండంతో ఇలాగే కదిలాడు" అని మొదలుపెట్టి బిరుదు వదులుకుంటానన్న సంగతి, ఎవరూ వినకపోవడం, దారిలో తల పోవడం, అన్నీ తొందర లేకుండా చెప్పారు. ఎనిమిది దాటింది. మేనేజరమ్మ తాళంచెవుల గుత్తిని శబ్దం చేయకుండా అరచేతిలో పట్టుకుని విన్నది. పాఠం అయిపోయింది.

"వన్స్ మోర్!" అన్నాడు వెనకనుంచి అదే కుర్రాడు.

మాస్టారు నావైపు తిరిగి, "ఏం కావాలంటున్నాడు?" అని అడిగారు.

"మళ్లీ చేయమంటున్నాడు. గవర్నరు పడిపోవడం."

"మళ్లీనా?" చరిత్ర టీచరుకి ఆ కోరిక అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "చరిత్రలో అలా కుదరదు" అన్నారు. అంటూనే, సింహాసనం దిగి రాజుని మళ్లీ అందులో కూర్చోమని చేత్తో చూపించారు.

రాజు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "ఇంకోసారా? నావల్ల కాదు గురువుగారూ, నా ఆయుష్షు ఏమైపోవాలి? కావాలంటే నేనే ఆయనకి దండం పెడతాను" అన్నాడు.