మేస్త్రి కోపం

నా భర్త పోయిన ఏడాదే నేను బియ్యం మిల్లు నడపడం నేర్చుకున్నాను. యాభైల నాటి మాట. నేనింకా చిన్నదాన్నే, పాప పాకుతోంది. మా తిరువూరులో షావుకార్ల ఇళ్ళ ఆడవాళ్ళు మిల్లు గడప తొక్కడమే లేదు. భర్త పోయినవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ళకి వంటిల్లు, పెరడు, అంతే.

ఆయనకి వచ్చింది టైఫాయిడ్ అని బెజవాడ ఆసుపత్రిలో చెప్పేసరికే చెయ్యి దాటిపోయింది. మామగారికి ఆయనొక్కడే కొడుకు. మామగారికి అప్పటికే చూపు బాగా మందగించింది. దినాలయ్యాక మిల్లు తెరిచారుగానీ, అక్కడ కుర్చీలో కూర్చోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేకపోయేవారు. పనంతా మేస్త్రి మీదే పడింది.

మేస్త్రి మా వారి చిన్నతనం నుంచీ ఆ మిల్లులోనే ఉన్నాడు. ఇంజను చూసుకునేదీ, కూలీల చేత పని చేయించేదీ ఆయనే. మా వారు ఆయన్ని బాబాయ్ అని పిలిచేవారు. నెమ్మదస్తుడని పేరు. అలాంటి మనిషి మిల్లు మళ్ళీ తెరిచిన దగ్గర్నుంచీ ఎవరు కనపడితే వాళ్ళ మీద విరుచుకుపడడం మొదలుపెట్టాడు.

ఒకరోజు పొద్దున్నే బియ్యం చెరిగే ఆడవాళ్ళు మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చారు. వాళ్ళలో పెద్దామె, చర్చి వెనక పేటలో ఉండే ఆమె, చెప్పింది.

"మేస్త్రి నోటికి తట్టుకోలేకపోతన్నామండి. నిన్న నా కోడలి చేతిలో చేట లాగి విసిరికొట్టాడు. పెనుగొలను రైతులు కూడా ఈ గొడవ చూసి వేరే మిల్లుకి పోతన్నారు. ఇట్టాగే ఉంటే ఇంక మేం రామండి."

మామగారు లోపలినుంచి విన్నారు. "వాణ్ణి తీసేస్తే సరిపోతుంది" అన్నారు.

"మావయ్యగారూ, ఒక్కసారి నేను వెళ్ళి చూసొస్తాను."

ఆయన నా గొంతు వచ్చిన వైపు తిరిగారు. "జనం ఏమైనా అంటారమ్మా."

"అననివ్వండి."

"సరే. పాపని నా దగ్గర పడుకోబెట్టి వెళ్ళు" అన్నారు.

నేను వెళ్ళేసరికి మిల్లులో మాటలన్నీ ఆగిపోయాయి. నాకు బియ్యం సంగతీ తెలియదు, ఇంజను సంగతీ తెలియదు. ఒక మూల కూర్చుని మనుషుల్ని చూస్తూ ఉండిపోయాను. మర్నాడూ అంతే. అప్పుడొకటి కనిపెట్టాను. ఇంజను స్టార్టు చెయ్యాలంటే ఇద్దరు కలిసి పెద్ద చక్రం తిప్పాలి. దాని దగ్గరికి వెళ్ళేదాకా మేస్త్రి మామూలుగానే ఉన్నాడు. రెండోవైపు ఒక కూలీ వచ్చి చెయ్యి వెయ్యగానే మొహం మారిపోయింది. "అట్టాగేనా పట్టుకునేది" అని కసిరాడు. ఇంక ఆ కోపం సాయంత్రం దాకా అందరి మీదా పడుతూనే ఉంది.

పెత్తనం చేతికొచ్చింది, తల తిరిగిందని అందరూ అనుకున్నారు. కానీ అరిచిన ప్రతిసారీ ఆయన ఊకరాశి వెనక్కి వెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడేవాడు. అలా నిలబడడం నాకు తెలుసు. మా వంటింట్లో పొయ్యి పక్కన నేను చేస్తున్నదీ అదే.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళారు. ఆయన క్యారియర్ మూత తీయకుండా కూర్చున్నాడు. కాస్త దూరంలో ఒక బస్తా మీద నేనూ కూర్చున్నాను.

"ఆ చక్రం మీరూ ఆయనా కలిసి తిప్పేవాళ్ళు కదా" అన్నాను.

ఆయన తలెత్తలేదు. "కూలీలు ఉన్నారు కదండీ అంటే వినేవాడు కాదమ్మా. మనిద్దరం తిప్పితేనే పలుకుద్ది బాబాయ్ అనేవాడు." క్యారియర్ పక్కకి నెట్టాడు. "ఆరోజు కబురంపింది నేనేనమ్మా. ఇంజను పలకట్లేదని. చినషావుకారుకి ఒంట్లో బాలేదని తెలిసే పంపాను. వానలో వచ్చాడు. నేనే పొట్టన పెట్టుకున్నాను."

ఆ రోజు నాకు గుర్తుంది. ఒళ్ళు కాలిపోతుంటే గంజి కాచి ఇచ్చాను. సగం తాగి, ఇప్పుడే వస్తానని లేచి వెళ్ళారు. తడిసి ముద్దై వచ్చారు. కబురు పంపింది ఎవరో నాకు అప్పటిదాకా తెలియదు.

నా ఒళ్ళంతా మంట పుట్టింది. అవును, నువ్వే, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అని ఉంటే ఆ మనిషి మళ్ళీ కోలుకునేవాడు కాదు. బస్తా కొస పట్టుకుని, ఊపిరి కుదుటపడేదాకా నోరు విప్పకుండా కూర్చున్నాను. జ్వరం అంతకు చాలా రోజుల ముందే లోపల పట్టిందనీ, వానవల్ల వచ్చింది కాదనీ డాక్టరు నాకు చెప్పాడు. చెప్పింది గుర్తుంది కానీ మనసు ఒప్పుకోలేదు.

చివరికి డాక్టరు మాటే ఆయనకి చెప్పాను. "నేను వద్దన్నా ఆగలేదు. మీరు కబురు చెయ్యకపోయినా ఇంజను ఆగిందని తెలిస్తే వచ్చేవారే" అన్నాను. తర్వాత ఇంకో మాట కూడా అన్నాను. "నాకు మీ మీద కోపం వచ్చింది బాబాయ్. ఇప్పుడే వచ్చింది, దాచను. కానీ దాన్ని నాతో ఇంటికి తీసుకుపోతాను. ఆ ఆడవాళ్ళ మీద వెయ్యను. మీరూ వెయ్యకండి."

ఆయన పైపంచె మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతుంటే నేను వేరే వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆడవాళ్ళు అన్నాలు తిని తిరిగొచ్చాక ఆయనే పెద్దామె దగ్గరికి వెళ్ళి, "తప్పైపోయింది అక్కా" అని, ఆ కబురు సంగతంతా చెప్పుకున్నాడు. "అయ్యో, ముందే చెప్తే మేమూ నీతో ఏడ్చేవాళ్ళం గదయ్యా" అందామె. మర్నాటినుంచి చక్రానికి ఇద్దరు కూలీల్ని పెట్టి, ఆయనకి ధాన్యం చూసే పని అప్పగించాను. పూర్తిగా మునుపటి మనిషి కాలేదుగానీ, మళ్ళీ ఎవరి మీదా అరవలేదు. రైతులు ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

మిల్లు నిలబడింది. ఎవరైనా గొడవపడితే ముందు వాళ్ళింట్లో ఏం జరిగిందో కనుక్కునేదాన్ని. ఆ పిల్లకి మనుషులతో పనిచేయించడం తెలుసు అని ఊళ్ళో అనుకునేవారు.

ఇంటికి తెచ్చుకున్న ఆ కోపం మాత్రం ఎవరికి చెప్పుకోను? మామగారికి చూపు తగ్గిందేగానీ చెవులు బాగా పనిచేసేవి. నేను ఏడిస్తే ఆయనకి వినబడుతుందని ఏడ్చేదాన్ని కాదు. నేను వింటానని ఆయనా ఏడవలేదు. భోజనాల దగ్గర ధాన్యం గురించి, పాప గురించి మాట్లాడుకునేవాళ్ళం.

రెండు మూడేళ్ళకి ఆయన మంచం పట్టారు. ఒకరోజు పొద్దున పక్కన కూర్చుని పాలు తాగిస్తుంటే, నా చెయ్యి వెతికి పట్టుకున్నారు.

"వాడి గురించి మనం ఒక్కసారైనా మాట్లాడుకోలేదమ్మా" అన్నారు.

"ఇప్పుడు మాట్లాడుకుందాం మావయ్యగారూ" అన్నాను.

మొదలుపెట్టాను. మా వారు నన్ను నెమలి ఊళ్ళో గుడికి తీసుకెళ్ళిన రోజు, దారిలో చెప్పులు తెగితే చేత్తో పట్టుకుని నడిచిన సంగతి, పాప పుట్టినప్పుడు ఎత్తుకోవడానికి భయపడిన సంగతి. మామగారి కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. నావీ ఆగలేదు, ఆపుకోలేదు కూడా. ఎంతసేపు చెప్పానో తెలియదు. ఆగి చూసేసరికి నా చేతిలో ఆయన చెయ్యి వదులైపోయి ఉంది. ఎంతవరకు విన్నారో నాకు తెలియదు. మిగిలింది కూడా చెప్పేశాను.