గేర్ల సైకిలు, గొర్రెల మంద

కళ్యాణదుర్గంలో స్టీలు సామాన్ల అంగడి నడిపే నారాయణస్వామికి ముప్పై అయిదేళ్లకే షుగరొచ్చింది. రోజూ కాస్త సైకిలు తొక్కమన్నాడు డాక్టరు. నారాయణస్వామి ఇంటికొచ్చి భార్య శాంతమ్మతో, "నా సైకిలు యాడుందో కనుక్కోవల్ల" అన్నాడు.

"నీకు సైకిలెక్కడిది?"

"పెండ్లికి ముందుండ్లా? ఎర్రది, లావు టైర్లది."

"అంగడికి ఎదురుగానే సైకిళ్లమ్ముతాండారు. పోయి ఒకటి తెచ్చుకోరాదా?"

"డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. సైకిలంటే నాకు అదే."

అది 2008. ఆ సైకిలును వాళ్ల నాయన 1996లో బెంగళూరు నుంచి లారీలో బిందెల మధ్య పెట్టి తెచ్చాడు. కొండలెక్కడానికి చేసిన గేర్ల సైకిలు. ఊళ్లో అలాంటిది మరొకటి లేదు. గేరు మార్చినప్పుడల్లా చైను ఊడిపోతుంటే, రిపేరీ మనిషి గేరు మీటను ఇనప తీగతో కట్టేశాడు. ఆ ఒక్క గేరులోనే నారాయణస్వామి మూడేళ్లు ఊరేగాడు. ఊరి బయట రోడ్డు పల్లానికి దిగేచోట, ఆ దిగువలో తొక్కడం ఆపేస్తే వెనక చక్రం టకటకటకమని మోగేది. రోడ్డు మీద జనం తిరిగి చూసేవాళ్లు. పెళ్లయ్యాక స్కూటరు వచ్చింది. సైకిలును నాయన కంబదూరులో పిండి మిషను నడిపే సుబ్బన్నకు అమ్మేశాడు.

నారాయణస్వామి కంబదూరు బస్సెక్కాడు. సుబ్బన్న తలంతా పిండితో బయటికొచ్చి, "ఆ సైకిలా? ఎక్కితే నడుం నొప్పి, దిగితే మోకాళ్ల నొప్పి. కుందుర్పిలో గొర్రెలు మేపే ఓబుళేసుకు ఇచ్చేసినా" అన్నాడు.

కుందుర్పిలో ఓబుళేసు భార్య నల్లమ్మ ఒక్కతే ఉంది.

"ఆయప్ప ఈడెందుకుంటాడన్నా? వానల్లేవు, మేత లేదు. మందను కళ్యాణదుర్గం పక్కకు తోలుకుపోయినాడు."

"సైకిలు?"

"అది లేకుంటే మంద యాడ కదుల్తాది?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట నారాయణస్వామికి అర్థం కాలేదు. వచ్చిన బస్సులోనే వెనక్కొచ్చాడు.

మర్నాడు పొద్దున ఊరి బయట దిగువకు పైన, శెనక్కాయ పీకేసిన చేలో సైకిలు కనపడింది. రంగు పోయింది, బ్రేకులు పోయాయి. హ్యాండిలుకు గొంగడి, సీటుకు నీళ్ల సీసా వేలాడుతున్నాయి. ఓబుళేసు దాన్ని నెట్టుకుంటూ నడుస్తున్నాడు. తొక్కడం రాదట. వెనక చక్రం టకటకమంటోంది. ఆ చప్పుడు వెంబడే మందంతా తలలు వంచుకుని వస్తోంది. నారాయణస్వామి కంటికి గొర్రెలు ఆనలేదు. చప్పుడొక్కటే వినపడింది.

"ఇది నాకియ్యి ఓబుళేసూ. ఎంత కావల్లో అడుగు."

"దుడ్లిస్తే తాగేస్తా. నీకు స్టీలంగడి ఉండాది గదా, నాలుగు గిన్నెల క్యారియరు ఇయ్యి. కానీ అన్నా, ఒక మాట..."

ఆ మాట వినకుండానే నారాయణస్వామి సైకిలెక్కాడు. తొక్కినంతసేపూ చక్రం చప్పుడు చేయలేదు, గొర్రెలూ కదల్లేదు. దిగువ మొదలవగానే పాత అలవాటు కొద్దీ కాళ్లు ఆపేశాడు. టకటకటక. ప్రాణం లేచొచ్చినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే, ఎర్రటి దుమ్ము లేపుకుంటూ మంద మొత్తం పరుగెత్తుకొస్తోంది. దాని వెనక ఓబుళేసు.

"తొక్కన్నా! ఆపొద్దు, తొక్కు! ఆపితే వస్తాయి!"

తొక్కితే సైకిలు ఇంకా జోరందుకుంటుంది. ఆపితే గొర్రెలొస్తాయి. పట్టుకోవడానికి బ్రేకుల్లేవు. కాసేపు అదీ, కాసేపు ఇదీ చేసి, చివరికి తన అంగడి ముందు ఇసుక కుప్పలో పడి ఆగాడు. మంద తిన్నగా వచ్చి, బయట పేర్చిన బిందెలను ఢీకొంది. బిందెలు గణగణమంటూ రోడ్డంతా దొర్లాయి. ఆ మోతకు గొర్రెలు బెదిరి తలో వీధికీ చెదిరిపోయాయి.

శాంతమ్మ గల్లాపెట్టె మీదికెక్కి నిలబడింది. "సైకిలు కొంటానని పోయి మందను తెచ్చినావేమప్పా!"

ఓబుళేసు నెత్తి కొట్టుకున్నాడు. "పిలిస్తే రావన్నా. సైకిలుతో పోయి తెచ్చుకోవల్లిందే."

నారాయణస్వామి పంచె ఎగ్గట్టి, సైకిలు నెట్టుకుంటూ బయల్దేరాడు. టకటకమంటూ ఒక్కో వీధీ తిరిగాడు. పెళ్లి మంటపంలో అరటాకులు తింటున్నవి వచ్చాయి. బ్యాంకులో చల్లటి గచ్చు మీద పడుకున్నవి లేచొచ్చాయి. ఆసుపత్రి వరండాలోవి వస్తుంటే డాక్టరు బయటికొచ్చి, సైకిలునూ దాని వెనక మందనూ చూసి, "తొక్కమన్నాను స్వామీ, నెట్టమనలేదు" అన్నాడు. నారాయణస్వామి ఆగలేదు. ఆగితే చప్పుడు ఆగిపోతుంది. జనం అంగళ్లలోంచి బయటికొచ్చి చూశారు. పెళ్లయిన తర్వాత అంతమంది అతన్ని చూడటం అదే మొదలు.

పొద్దు వాలే వేళకు మంద చేలోకి చేరింది. ఓబుళేసు చేతిలో అంగట్లోంచి తెచ్చుకున్న క్యారియరు ఉంది. "సైకిలు నువ్వే పెట్టుకో ఓబుళేసూ" అన్నాడు నారాయణస్వామి.

"క్యారియరు తీసుకున్నా గదన్నా. మాట మాటే. సైకిలు నీది."

"మరి రేపు మందెట్ల కదుల్తాది?"

"నువ్వు రావల్ల" అన్నాడు ఓబుళేసు, అందులో వింతేమీ లేనట్టు.

నారాయణస్వామి వెళ్లాడు. రోజూ తెల్లారగానే సైకిలు నెట్టుకుంటూ మంద ముందు నడిచి, మేత దగ్గర వదిలేసి, ఎండెక్కాక అంగడి తెరిచేవాడు. మొదట్లో శాంతమ్మ సణిగింది. తర్వాత ఆ క్యారియరులోనే ఇద్దరికీ సంగటి పంపడం మొదలుపెట్టింది. అంగట్లో కొనేవాళ్లు గొర్రెల కంపేమిటా అని గిన్నెను వాసన చూసి మొహం ముడిచేవాళ్లు. "గిన్నె కాదప్పా, నేను" అనేవాడు నారాయణస్వామి.

తొలకరి పడింది. ఓబుళేసు మందను కుందుర్పికి మళ్లించాడు. అంగడిని శాంతమ్మకు అప్పజెప్పి, నారాయణస్వామి దారి పొడుగునా ముందు నడిచాడు. దిగువలొచ్చినప్పుడు సైకిలెక్కి కాళ్లు ఆపేసేవాడు. మంద పరుగెత్తేది. ఓబుళేసు తిట్టుకుంటూ పరుగెత్తేవాడు. కుందుర్పిలో నల్లమ్మ వాకిట సైకిలును గోడకానించి, నారాయణస్వామి బస్సుకోసం రోడ్డు మీదికి నడిచాడు.

"సైకిలు మర్చిపోయినావన్నా!" అని కేకేసింది నల్లమ్మ.

"మర్చిపోలేదమ్మా. బస్సులో మోగదు" అన్నాడతను.