ముప్పై పెద్దదా, యాభై పెద్దదా

మొన్న మా తోడల్లుడు గూడూరు నుంచి వచ్చాడు. నిమ్మకాయల వ్యాపారి. బోగోలు అవతల ఉన్న మా రొయ్యల గుంట గట్టు మీద నాతోపాటు కాసేపు నడిచి, మర్యాదకు ఏదో ఒకటి అడగాలి కాబట్టి, "ఏం అన్నా, కౌంటు బాగా పెరుగుతా ఉందా?" అన్నాడు. "అట్టా దీవించబాక అబ్బయా, మునిగిపోతా" అన్నాను. ఆయన బిత్తరపోయాడు. మా దగ్గర కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. చిన్నవైతే కిలోకు వంద దాకా తూగుతాయి. మేత తిని ఒళ్లు చేసేకొద్దీ ఆ అంకె డెబ్బైకి, యాభైకి దిగుతుంది. ముప్పైకి దిగిందంటే ఆ ఇంట్లో పండగే. అంకె తగ్గితే సంతోషించేవాళ్లు మాలాంటి వాళ్లూ, జ్వరం చూసే డాక్టర్లూ తప్ప ఇంకెవరూ ఉండరేమో. ఇదంతా ఆయనకు విడమరిచి చెబుతుంటే, మా పెద్దమ్మాయిని బడిలో చేర్చిన రోజు గుర్తొచ్చింది.

అప్పట్లో మా కాపురం గుంట గట్టు మీది రేకుల షెడ్డులోనే. చుట్టూ నీళ్లు, ఉప్పుగాలి, మేత బస్తాల నీచువాసన. నీళ్లను చిలికే ఏరేటర్ల చప్పుడే మా పాపకు జోలపాట. కరెంటు పోయి అవి ఆగిపోతే, నాకంటే ముందు తనే లేచి ఏడ్చేది. ఆడుకోవడానికి తోటిపిల్లలు లేరు. నాకు బడిచదువు మధ్యలోనే ఆగిపోయినా లెక్కలంటే ఇష్టం పోలేదు. మేత లెక్క, నీటి లెక్క, తూకం లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. నా దగ్గర ఉన్నది అదే కాబట్టి దానికీ అదే నేర్పాను. విసురువల వేసి, ఒక కిలో తూచి, గోతం మీద కుమ్మరిస్తే, పాప గొంతుకూర్చుని లెక్కపెట్టేది. ఎగిరి కుప్పలోకి దూకిన రొయ్యను పట్టుకుని, "నిన్ను లెక్కపెట్టేసినా, మళ్లా రాబాక" అని గదమాయించేది. ఒకరోజు వల ఇంకా నీళ్లలో ఉండగానే తొంగిచూసి, "అరవై ఉంటాది నాన్నా" అంది. తూచి చూస్తే ఇంచుమించు అంతే. ఆ సాయంత్రం పక్క గుంటల వాళ్లందరికీ ఆ మాట చెప్పి వచ్చాను. "నీ కూతురు చేతులు కడుక్కోకుండా అన్నం తింటా ఉంది. అది గూడా చెప్పేసి రాపో" అంది మా ఆవిడ.

మా ఆవిడ దిగులు వేరు. పాపకు ఒకటో తరగతి వయసు వచ్చేసింది గానీ, అంతకుముందు చదవాల్సిన తరగతులేవీ చదవలేదు. ఊళ్లోని బడిలో పెద్ద టీచరమ్మ, నాలుగు ప్రశ్నలు అడిగి చూస్తాననీ, చెప్పలేకపోతే చంటిపిల్లలతో కూర్చోబెట్టాల్సి వస్తుందనీ ముందే చెప్పింది. మా ఆవిడనూ చిన్నప్పుడు ఆలస్యంగా చేర్చి, తనకంటే బుడ్డ పిల్లల మధ్య కూర్చోబెట్టారు. అందరిలోకీ పొడుగ్గా ఉన్నందుకు సిగ్గుపడి చదువే మానేసింది. పాపను బడికి తీసుకెళ్లిన రోజు బండి మీద దాన్ని ఒళ్లో అదిమి పట్టుకుని, "దీనికి గూడా ఆ గతి పడితే నేను చూడలేనయ్యా" అంది.

టీచరమ్మ పాపను పేరు అడిగింది, రంగులు అడిగింది. వంద దాకా చెప్పమంది. మావాళ్లకు కిందికి దిగే లెక్కే ముద్దు కాబట్టి, మా పాప వంద నుంచి ఒకటి దాకా గుక్కతిప్పుకోకుండా దిగింది. టీచరమ్మ ముచ్చటపడి, "ముప్పై పెద్దదా, యాభై పెద్దదా?" అంది.

"ముప్పై."

"బాగా ఆలోచించుకో తల్లీ."

"ముప్పయ్యే టీచర్. యాభై చిన్నది. వంద ఇంకా బుడ్డది, దాన్ని ఇప్పుడే పట్టకూడదు."

టీచరమ్మ పెన్ను కింద పెట్టింది. మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల కింద నా తొడ గిల్లింది. నేను నోరు తెరవబోతే టీచరమ్మ చెయ్యెత్తి ఆపింది. "మీరు ఉండండి, పాపను చెప్పనీండి. ముప్పై ఎట్టా పెద్దదమ్మా?"

పాప ఆమె వైపు జాలిగా చూసి, వేళ్లు బారజాపి చూపించింది. "ముప్పై అయితే ఇంత లావుంటాయి. అందుకే కిలోకి ముప్పయ్యే పడతాయి. యాభై పట్టినాయంటే చిన్న రొయ్యలనే గదా టీచర్!"

టీచరమ్మ కాసేపు ఆ వేళ్లనే చూసింది. తర్వాత, "సరే, నీకు ముప్పై బిస్కెట్లు ఇయ్యనా, యాభై ఇయ్యనా?" అంది. పాప తల పక్కకు వంచి, "బిస్కెట్లన్నీ ఒకటే సైజా టీచర్?" అని అడిగింది.

టీచరమ్మ నవ్విన నవ్వుకు పక్క గదిలోంచి ఇంకో టీచరు వచ్చి తొంగిచూసింది. "ఒకటే సైజులే తల్లీ" అంది, కళ్లు తుడుచుకుంటూ. "అయితే యాభై" అంది మా పాప. సోమవారం నుంచి ఒకటో తరగతికి పంపించమన్నారు. తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ బండి మీద దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. "సైజు అడిగింది చూడయ్యా, సైజు!" అని నా వీపు మీద కొడుతూనే ఉంది. రోడ్డు గుంతలు కూడా ఆ రోజు నన్నేమీ అనలేదు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, పాప షెడ్డు ముందు బోర్లా పడుకుని పలక మీద ఏదో రాసుకుంటోంది. గుంటల వాళ్లు ఒకరిద్దరు టీకి వచ్చి ఉన్నారు. వాళ్లకు ఆ ముచ్చట మళ్లీ వినిపించాలని నాకు ఆశ. "అమ్మీ, ముప్పై పెద్దదా, యాభై పెద్దదా?" అన్నాను. అది తలెత్తకుండానే, "యాభై నాన్నా. అంత మాత్రం తెలీదా నీకు?" అంది. సరైన జవాబే. వాళ్లమ్మ అంతగా తపించింది కూడా అందుకే. అందరం నవ్వాం, నేనూ నవ్వాను. గుంటలో రొయ్య ఎంత ఎదిగిందో వారానికోసారి వల వేసి చూసుకునేవాణ్ణి. పాప మాత్రం ఏ రోజున ఆ మాట దాటి ముందుకు వెళ్లిపోయిందో నాకు తెలియనే లేదు. కాలం పిల్లల్ని మన కళ్లముందే పెంచుతుంది గానీ, పెంచేటప్పుడు ఒక్కసారీ మనల్ని పిలిచి చూపించదు.