గోడ మీద నా మొహం

పెళ్లి కాకుండానే నాకు ఒక మొగుడూ ఇద్దరు పిల్లలూ వచ్చిపడ్డారు. అదీ నలుగురూ చూసేలా, వన్‌టౌన్‌లో మా వీధి మొదట్లో ఉన్న ఉప్పు గోదాము గోడ మీద. పక్కన మీసాలాయన, ముందు ఒక బాబు, ఒక పాప, పైన కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, కింద ఇద్దరు పిల్లలు చాలని ఏదో నీతి. అంతా మామూలే. ఆ తల్లి మొహం మాత్రం నాది. నా కోల మొహం, కలిసిపోయే నా కనుబొమలు, చివరికి ఎడమ చెంప మీది పుట్టుమచ్చతో సహా.

డెబ్బైల చివరి సంగతి ఇది. నాకింకా ఇరవై నిండలేదు. అప్పట్లో మా వైపు ఏ గోడా ఖాళీగా ఉండేది కాదు. సినిమా బొమ్మలు, ఎన్నికల గుర్తులు, పళ్లపొడి ప్రకటనలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. సముద్రపు గాలికి సున్నం పెచ్చులూడితే అడుగున ఎప్పటిదో ఒక హీరో కన్ను బయటపడేది. వాటిని చూసుకుంటూనే రోజూ టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పరిగెత్తేదాన్ని. నెమ్మదిగా నడవడం నాకు చేతకాదు. ఐదుగురు పిల్లల్లో మూడోదాన్ని, అటు పెద్దరికమూ లేదు, ఇటు గారాబమూ లేదు. ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని. టైపు లోయరు పరీక్ష గట్టెక్కితే పోర్టులోనో, రాబోయే స్టీల్ ప్లాంటులోనో ఒక కుర్చీ దొరక్కపోతుందా అని నా ఆశ. లేదంటే పెందుర్తిలో సంబంధం సిద్ధంగా ఉంది. పోర్టులో ఖలాసీగా చేసే మా నాన్న ఆ మాట అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఎత్తేవాడు.

బొమ్మ చూసిన రోజు ఆయన అన్నమే ముట్టలేదు.

"పెల్లి కాని గుంటకి ఇద్దరు పిల్లల్నంటగట్టీసినాడు! ఆ బొమ్మ గోడ మీదున్నన్నాల్లూ నువ్వు గడప దాటడానికి లేదు."

"నానేటైనా గీయమన్నానా? నాకు పరీచ్చుంది నాన్నా."

"ఈదంతా నవ్వతన్నారు. నోర్మూసుకుని కూకో."

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. అరిచిన నాన్న మీదకన్నా ఊరుకున్న ఆమె మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఇంట్లో పీట మీద వేళ్లు ఆడిస్తూ అక్షరాలు ప్రాక్టీసు చేశాను. నీళ్లకి మాత్రం పంపేవారు; కుళాయి దగ్గర ఆడవాళ్లు "పిల్లలు బాగున్నారేటే?" అని అడిగేవారు. మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఇలాగే ఇంకో వారం గడిస్తే నా పరీక్ష నీళ్లపాలని అర్థమైపోయింది. ఒకరోజు నాన్న డ్యూటీకి వెళ్లగానే చెప్పులు కూడా వేసుకోకుండా గోడ దగ్గరికి పోయాను.

పెయింటరు సాయిబుగారు ఇంకా నిచ్చెన మీదే ఉన్నారు, అక్షరాలకి అంచులు దిద్దుతూ. వాళ్లిల్లు మా వెనక వీధిలోనే. ఆ చుట్టుపక్కల షాపుల బోర్డులూ, హార్బర్లో పడవల మీది పేర్లూ ఆయన రాసినవే. చిన్నప్పట్నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేదాన్ని.

"బాబాయ్, ఏటిది? ఊర్లో నీకింకే మొహం దొరకలేదేటి?"

ఆయన కిందికి దిగి తల గోక్కున్నారు. "ఖుదా కసం బేటీ, కావాలని ఎయ్యలేదు. ఆడోల్ల మొహాలకి నా కాడ ఒక కేలెండరుండేది. అందులో లచ్చిందేవిని చూసి అన్ని గోడల మీదా అదే మొహం ఎత్తాను. మొన్న వానకి అది తడిసి ముద్దయిపోనాది. పొద్దున్నా సాయంత్రం నువ్వీ నిచ్చెన పక్కనుంచే కదా ఎల్తావు. సెయ్యి అదే గీసీసినాది."

"అయితే ఇప్పుడు మార్చీ."

పాపం, మార్చబోయారు. మొహం మీద ఒంటిరంగు పూసి, పుట్టుమచ్చ లేకుండా మళ్లీ గీశారు. మళ్లీ నేనే. ముక్కు లావు చేశారు. జలుబు చేసిన నేను. కనుబొమలు విడదీసి కళ్లు పెద్దవి చేశారు. దేనికో బెదిరిన నేను. చుట్టూ జనం మూగి నవ్వడం మొదలుపెట్టారు. ఆయన చెమట తుడుచుకుని, "ఈ సెయ్యి నా మాట ఇనట్లేదమ్మా" అన్నారు.

"ఇలాగియ్యి" అని కుంచె లాక్కున్నాను.

ముగ్గులు తప్ప ఏమీ వేసి ఎరగను. అయినా కొంగు బిగించి నిచ్చెన ఎక్కేశాను. నిజం చెప్పొద్దూ, సంతోషంగానే ఉంది. నా మొహాన్ని నేనే ఒంటిరంగుతో కప్పేసి, చేతికి వచ్చినట్టు గీసుకుంటూ పోయాను. నాది కాకపోతే చాలు, ఎవరిదైనా ఫరవాలేదు. వెడల్పు చెంపలు పెట్టాను. కళ్లు కొంచెం కిందికి వాల్చాను. పెదాలు బిగించి, పెద్ద బొట్టు పెట్టాను. కింద నుంచి బాబాయ్ "సాలు, ఇంక సెయ్యెట్టకు" అంటున్నా వినకుండా పాపిట కూడా దిద్ది దిగాను. చేతులు మణికట్ల దాకా రంగే.

వీధిలో ఎవరూ నవ్వడం లేదు. కుళాయి దగ్గరి ముసలామె ముందుకొచ్చి చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మ! ఇది మీ యమ్మే కదే!"

చూస్తే అమ్మే. పుట్టినప్పట్నుంచీ నేను రోజూ చూస్తున్న మొహం.

నాన్న డ్యూటీ దిగి అటే వచ్చాడు. రంగు చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆయన అమ్మ బొమ్మని చూశాడు, పక్కనున్న మీసాలాయన్ని అంతకన్నా ఎక్కువసేపు చూశాడు, తన మీసం ఒకసారి తడుముకున్నాడు. పెళ్లయిన మనిషి పక్కన పిల్లలుంటే ఇంక దేనికని అరుస్తాడు? "రేపట్నించి టైపుకెల్లు" అని గొణిగి ఇంటికి వెళ్లిపోయాడు. నాకు గంతులు వెయ్యాలనిపించింది.

కాసేపటికి అమ్మ వచ్చింది. ఆమె వీధి మొదటిదాకా రావడమే అరుదు. నేరుగా బొమ్మ ముందుకి నడిచింది. తిడుతుందనుకున్నాను. ఆమె వేలు చాపి బొమ్మలోని పిల్లల్ని చూపించింది.

"ఈడు పెద్దోడు. ఇది దానెనకది. మరి నువ్వెక్కడే?"

"ఇద్దరే సాలంటమ్మా. నాను మూడోదాన్ని కదా."

నవ్వుతూనే అన్నాను. ఆ గోడ చెప్పే లెక్కలో నేను లేనని అప్పటిదాకా నాకూ తట్టలేదు.

అమ్మ నా వైపు తిరిగింది. ఆమెకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవులికి సాలంట?" అంది. నా చేతులు రెండూ లాక్కుని, పైట చెంగుతో రంగు తుడవడం మొదలుపెట్టింది. ఆరిపోయిందమ్మా, రాదు అన్నా వినలేదు.