అత్తగారు దాచనివ్వని మందు డబ్బా

మా అత్తగారు పోయారని కబురు వచ్చేసరికి నేను తాడేపల్లిగూడెంలో మా పుట్టింట్లో ఉన్నాను. పొద్దున్నే కాఫీ తాగి, పెరట్లో కూర్చున్నచోటే వాలిపోయారట. ఒకరిచేత చేయించుకోకుండా వెళ్లిపోయారని అందరూ అంటున్నారు. నాకు ఆ మాట ఓదార్పుగా లేదు. ఆవిడతో ఇంకొన్నాళ్లు పోట్లాడాలని ఉంది నాకు.

మండవల్లి దగ్గర మా ఊరు. వ్యవసాయశాఖవాళ్లు సభ పెడితే మగవాళ్లు వెనక నిలబడి కబుర్లాడుకునేవారు, ఆవిడ ముందు వరసలో కూర్చుని వినేవారు. బిస్కెట్ల కోసమేనని మేం ఆటపట్టించేవాళ్లం. "అవునమ్మా, రెండు బిస్కెట్లు తిన్నాను, నాలుగు ముక్కలు విన్నాను" అనేవారు. కూల్‌డ్రింకు సీసాలో పురుగుమందు పోసుకెళ్లేవాళ్లు కనబడితే వీధిలోనే ఆపి చివాట్లు పెట్టేవారు.

ఓ ఏడాది దాళ్వాలో, రెండో పంట వరికి, మా మరిది మందు కొట్టి వచ్చి అరుగుమీద కూలబడ్డాడు. స్ప్రేయరు కారి చొక్కా వీపంతా తడిసిపోయింది. నోటివెంట చొంగ, ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. చుట్టూ చేరినవాళ్లు సబ్బునీళ్లు తాగించి కక్కించమన్నారు. నోట్లో ఏమీ పొయ్యొద్దని ఆవిడ అడ్డుపడ్డారు. చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, చొక్కా కత్తిరించి తీసేసి, ఒళ్లు సబ్బుతో కడిగారు. అద్దెకారు పిలిపించి, అందులో ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టారు. మందు డబ్బాని సంచిలో మూటకట్టి వెంట పెట్టుకున్నారు.

అసలు గొడవ అప్పుడొచ్చింది. మా మరిదికి తణుకు సంబంధం దాదాపు ఖాయమైంది. పురుగుమందు అంటే తాగాడనే అనుకుంటారు, పెళ్లివారు వెనక్కి పోతారు, పోలీసులొస్తారు. అందుకని ఏలూరు ఆసుపత్రిలో వడదెబ్బ అని చెబుదామంటూ మా పెదమావగారు డబ్బా లాక్కోబోయారు. ఆయన ఎదుట మా అత్తగారు కుర్చీలో కూర్చుని కూడా ఎరగరు. ఆవేళ కారు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

"సంబంధం పోతే ఇంకోటొస్తుందండీ, బావగారూ. వీడు పోతే వీడు మళ్లీ రాడు. ఏ మందో డాక్టరుగారికి తెలియాలి. డబ్బా నా ఒళ్లోనే ఉంటుందండీ."

డబ్బామీద పేరు చూసి డాక్టరుగారు వెంటనే విరుగుడు మొదలుపెట్టారు. వెంటిలేటరు తీసేదాకా ఆవిడ ఆ వరండా వదల్లేదు. త్వరగా తెచ్చారు, ఒళ్లు కడిగారు, నిజం చెప్పారు కాబట్టి దక్కాడని, కొన్ని మందులైతే ఇంత చేసినా తన చేతిలో ఉండదని డాక్టరుగారు అన్నారు. ఆ ఆఖరి మాట ఆవిణ్ణి పట్టుకుంది.

తణుకువాళ్లు వెనక్కి పోనే పోయారు. ఆవిడ దానికి నొచ్చుకోలేదు. "తాగినా సరే, మీద పడినా సరే, దాచకండి. సిగ్గుపడుతూ కూర్చుంటే మనిషి దక్కడండీ" అని ఇంటింటికీ తిరిగి చెప్పారు. విసుక్కున్న ఇంటికి మర్నాడు మళ్లీ వెళ్లేవారు. ఇప్పుడా తిరుగుడు నాది. తలుపు వేసినా సరే, తట్టి చెబుతాను.

మా వైపు తల్లికి కొరివి పెట్టేది చిన్నకొడుకే. ఆరోజు నేను వెళ్లేసరికి మా మరిది తడిబట్టలతో, చేతిలో నిప్పుకుండతో వాకిట్లో నిలబడి ఉన్నాడు. పెదమావగారు అతని జబ్బ పట్టుకున్నారు. చేపలచెరువు గట్టుమీద ఇద్దరూ ఆవిడ పాడెకి ముందు నడుస్తూ వెళ్లారు.