మూడో అభ్యర్థి

మేం ఐర్లండ్‌లో, లెటర్‌కెన్నీ అనే ఊళ్ళో ఉన్న రోజుల్లో మా ఆయన అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. నేను డబ్లిన్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మేడమీద చిన్న గదిలో కూర్చుని పనిచేసేదాన్ని. కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకుంటున్న కాలం. ఊళ్ళో మనవాళ్ళు పెరుగుతున్నారు. వీళ్ళవల్లే అద్దె ఇళ్ళు దొరకట్లేదన్న ఊరివాళ్ళ గొణుగుడూ పెరుగుతోంది. అది నా చెవిన పడ్డా వినపడనట్టు నడిచిపోయేదాన్ని. నా భయమల్లా మా అమ్మాయి గురించే. ఊహ తెలియక ముందే ఇక్కడికొచ్చిన పిల్ల, ఈ ఊరు తనదే అనుకుంటోంది. కాదన్న సంగతి దానికెక్కడ తెలిసిపోతుందో అని.

ఆ ఏడు వాళ్ళ చరిత్ర టీచరమ్మకు ఒక ఆలోచన వచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా అధ్యక్ష ఎన్నికను క్లాసులో మళ్ళీ జరిపిస్తుందట. ముగ్గురు పిల్లలు ముగ్గురు అభ్యర్థులుగా మాట్లాడితే మిగతావాళ్ళు ఓట్లేస్తారట. అందులో గెలిచినాయన తండ్రి మా డొనెగల్ జిల్లా నుంచే ఓడెక్కి వెళ్ళాడని ఇక్కడివాళ్ళకు గొప్ప. బానిసలు ఉండాలో వద్దో కొత్త ప్రాంతాల జనమే తేల్చుకోవాలంది ఆయన పార్టీ. అసలు ఆ ప్రాంతాల్లో బానిసత్వం అడుగుపెట్టడానికే వీల్లేదంది రెండో పార్టీ. మూడోది ఓడలు దిగుతున్న ఐరిష్ వాళ్ళంటే మండిపడే పార్టీ. అమెరికాలో పుట్టినవాళ్ళే అమెరికాను ఏలాలి, బయట నుంచి వచ్చినవాడికి ఇరవై ఒక్కేళ్ళు గడిస్తేగాని పౌరసత్వం ఇవ్వకూడదు అంటుంది. చీటీలు తీస్తే మా పిల్లకి ఆ మూడో అభ్యర్థి వచ్చాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంతమందిలో దీనికే రావాలా? టీచరుకి మెయిల్ పెడతానన్నాను. మా ఆయన పెట్టనివ్వలేదు. ఆయన బడి రోజుల్లో వక్తృత్వపు పోటీల్లో కప్పులు మోసుకొచ్చిన ఘనుడు. చీటీలో అనుకూలం వస్తే అనుకూలంగా, వ్యతిరేకం వస్తే వ్యతిరేకంగా దంచేయడమే ఆయన నేర్చిన విద్య. విషయం ఏదైతేనేం, ఫస్టు రావాలి. "ఊరుకోవే, పోటీయేగా," అని, డ్యూటీ దిగి రాగానే పిల్లని ఎదురుగా నిలబెట్టుకునేవాడు. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగాలో నూరిపోశాడు. అదీ హుషారుగానే నేర్చుకుంది.

నేను పైన పనిచేసుకుంటుంటే కింద నుంచి ఆ గొంతు వచ్చేది. ఇంగ్లీషులో, అచ్చమైన డొనెగల్ యాసలో, ఈ నేల ఇక్కడ పుట్టినవాళ్ళది అని. మళ్ళీ. ఇంకాస్త గట్టిగా మళ్ళీ. నా కడుపున పుట్టిన పిల్ల గొంతే, కానీ ఎవరో పూనినట్టుండేది. షాపులో లైనులో నిలబడినా చెవిలో అదే వాక్యం. వెనకున్నావిడ దగ్గితే ఉలిక్కిపడేదాన్ని. అన్నం వండుతుంటే, ఎప్పుడో ఓడ దిగిన ఆ ఐరిష్ వాళ్ళు మూటలతో సహా మా వంటింటి గోడవారన నిలబడి పిల్ల మాటలు వింటున్నారనిపించేది. ఒకరోజు నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. సింకులో అంట్లు తప్ప ఏమీ లేవు. భయమేసింది, సిగ్గూ వేసింది.

పోటీనాడు సాయంత్రం అది గెలిచి వచ్చింది. డొనెగల్ వాడి కొడుకు డొనెగల్లోనే చిత్తుగా ఓడిపోయాడు. మా ఆయన ఆనందం పట్టలేక మైసూర్‌పాక్ డబ్బా విప్పి దాని నోట్లో ముక్క కుక్కబోయాడు. అది తినలేదు. ఆయన వాళ్ళన్నయ్యకి ఫోన్లో గొప్పలు చెప్పుకుంటూ హాల్లోకి వెళ్ళాక, వచ్చి నా పక్కన నిలబడింది. ఇంట్లో ఇంగ్లీషు తప్ప పలకని పిల్ల తెలుగులో మాట్లాడింది.

"అమ్మా, నేను అది చెప్తే నవ్వుతారు అనుకున్నా. నేనే కదా చెప్తోంది, జోక్ అర్థమవుతుంది అనుకున్నా. ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కొట్టారు."

మనింటికొచ్చి పులిహోర తిన్న పిల్లలేగా అన్నాను. వాళ్ళే అంది.

"ఓటు నాకు వేశారా, ఆ మాటలకి వేశారా?"

"నీకేనమ్మా. బాగా చెప్పావు కదా, అందుకని."

అది నా మొహంకేసే చూసింది. నేను చూపు తిప్పుకుని స్టవ్ తుడవడం మొదలుపెట్టాను. "గ్రాండ్, మామ్," అని ఇక్కడివాళ్ళ తీరులో సరేలే అనేసి మేడెక్కి వెళ్ళిపోయింది. ఇక ఎప్పుడూ నన్ను ఆ మాట అడగలేదు.