కుక్కపిల్ల రొమ్ముకు కట్టిన చట్రం

మొన్న ఖమ్మంలో మా మనవరాలు కొత్తగా తెచ్చుకున్న కుక్కపిల్లను ఒళ్లో పెట్టగానే, నా వేళ్లు వాటంతటవే దాని రొమ్ము ఎముకను తడిమాయి. ఎముక చక్కగానే ఉంది. అయినా పశువైద్యుడిగా రిటైరైన నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఇల్లందు దగ్గర పశువుల దవాఖానాలో కొత్తగా చేరిన రోజుల్లో, మా కాంపౌండరు వాళ్ల బావ ఒక కుక్కపిల్లను తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. ఆయన బొగ్గుగనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్. పిల్లలు లేని ఆ ఇంట్లో అదే పసిబిడ్డ. దాని రొమ్ము ఎముక లోపలికి గుంటపడి గుండెను నొక్కుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుంట మరింత లోతుకు దిగుతోంది.

చదువుకునేటప్పుడు ఒక్కసారి చూసిన వైద్యం అది. ప్లాస్టిక్ పైపును నిలువునా చీల్చి రొమ్ము కింద చట్రంలా అమర్చి, గుండెకు వెంట్రుకవాసి దూరంలో సూదిని ఎముక చుట్టూ తిప్పి, ఎముక బయటికి వచ్చేలా దారాలను లాగి చట్రానికి కట్టాలి. ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ కట్టాను. పిల్ల లేచి పాలు తాగింది. నేను పొంగిపోయి, వారానికి తీసుకురమ్మని పంపేశాను. ఎముక చట్రం వైపు వస్తున్నకొద్దీ దారాలు వదులవుతాయని, అది బాగుపడుతున్న గుర్తేనని చెప్పాలని నా బుర్రకు తట్టనే లేదు.

ఐదో రోజు డ్యూటీ దిగి వస్తూ, ఆయన దవాఖానా గుమ్మంలో నిలబడి సంబరంగా చెప్పాడు.

"వదులైతాందని పొద్దుగాల చట్రానికీ రొమ్ముకూ సందుల చెక్కముక్క దిగ్గొట్టిన సార్. ఇగ కదలదు."

గనిలో దుంగ వదులైతే చేసే పనే అది. అలా చేయకపోతే మనుషులు పోతారు. ఆయన మోటారుసైకిల్ మీద ఎలా వెళ్లామో గుర్తులేదు. ఇంటి వసారాలో ఆయన భార్య పిల్లకు విసనకర్రతో విసురుతూ కూర్చుంది. అప్పటికే అది చల్లబడి ఉంది. బయటికి వస్తున్న ఎముకను ఆ చెక్క మళ్లీ గుండె మీదికి నెట్టేసింది. ఆయన చూడకుండా చెక్కముక్కను లాగి జేబులో వేసుకుని, దాని గుండె బలహీనమని అబద్ధమాడాను.

వారం తర్వాత ఆయనే చట్రాన్ని కడిగి, ఆరబెట్టి తెచ్చాడు.

"ఇంకోదానికి పనికొస్తది, ఉంచున్రి సార్."

ఇప్పుడు ఏ చిన్న కట్టు కట్టినా జాగ్రత్తలన్నీ బొమ్మలతో సహా ఫోనుకే వస్తున్నాయి. అప్పుడు మాకున్నది నోరొక్కటే, దాన్నీ నేను సరిగ్గా వాడలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. బతికున్నంతకాలం, ఎక్కడ కనిపించినా, మా పిల్ల కోసం సారు ఎంతో కష్టపడ్డాడని పక్కవాళ్లకు చెప్పి నాకు దండం పెట్టేవాడు.